తుపాను లేదన్న మనిషి: టీవీలో వాతావరణం చెప్పే ఉద్యోగం కథ

భిలాయ్ పక్కన సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న జాముల్‌లోనో, ఉక్కు కర్మాగారం చుట్టూ ఉన్న సెక్టార్లలోనో స్థిరపడ్డ తెలుగువాళ్లు సాయంత్రం తెలుగు చానల్ పెడితే, వానాకాలంలో ఒక మాట తరచూ వినిపిస్తుంది. ‘దక్షిణ ఛత్తీస్‌గఢ్, దాని పరిసర ప్రాంతాల్లో ఉపరితల ఆవర్తనం కొనసాగుతోంది’ అని. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉన్న అమ్మానాన్నలకు వాన పడుతుందా లేదా అని చూస్తుంటే, మధ్యలో తాము ఉంటున్న రాష్ట్రం పేరు వస్తుంది. ఇందులో వింతేమీ లేదు. బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలు నైరుతి రుతుపవనాల కాలంలో ఎక్కువగా పశ్చిమ వాయవ్య దిశగా కదిలి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా లోపలికి వెళతాయి. నిన్న కళింగపట్నం దగ్గర చూపించిన మేఘాల సుడి రేపో ఎల్లుండో దుర్గ్ జిల్లా మీద ఉండొచ్చు. ఊరి వాన, ఉద్యోగం ఉన్నచోటి వాన రెండూ ఒకే పటంలో కనిపిస్తాయి.

ఆ పటం ముందు నిలబడి చెప్పే మనిషి ఎవరు? శాస్త్రవేత్తా, వార్తలు చదివే మనిషా? ఆ మాటకు బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నలకు జవాబు వెతకాలంటే, టీవీ వాతావరణ నిపుణుల్లో బహుశా ప్రపంచంలోకెల్లా ఎక్కువగా పేరు పడ్డ ఒక మనిషి ఉద్యోగ జీవితాన్ని చూడాలి. ఆయన పేరు మైకేల్ ఫిష్. మూడు దశాబ్దాలు బీబీసీ టీవీలో వాతావరణం చెప్పారు. వేల బులెటిన్లు చేశారు. జనానికి గుర్తున్నది మాత్రం ఒకే ఒక్కటి, అందులోనూ రెండు మూడు వాక్యాలే.

బొగ్గు ముక్కతో మొదలైన పని

ఫిష్ కంటే ముందు జార్జ్ కౌలింగ్ ఉన్నారు. 1954 జనవరి 11 సాయంత్రం బీబీసీ తెర మీద పటం పక్కన నిలబడి మాట్లాడిన మొదటి వాతావరణ నిపుణుడు ఆయనే. అంతకుముందు బీబీసీ టీవీలో పటాలు చూపించేవారు, వెనక నుంచి గొంతు మాత్రం వినిపించేది. కౌలింగ్ చేతిలో ఉన్నది బొగ్గు ముక్క, ముందున్నది కాగితం పటం. ఐదు నిమిషాల కార్యక్రమం. మర్నాడు గాలి బాగా వీస్తుంది, ఉతికిన బట్టలు ఆరేసుకోవడానికి మంచి రోజు అన్న అర్థం వచ్చే మాట ఆయన ఆ రోజే చెప్పారు. గాలి వేగం నాట్లలో చెబితే ఇంట్లో కూర్చున్నవాళ్లకు ఏమీ అర్థం కాదు. దండెం మీద బట్టల సంగతి చెబితే అర్థమవుతుంది. ఈ ఉద్యోగంలో సగం నైపుణ్యం ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కౌలింగ్ బీబీసీ ఉద్యోగి కారు. బ్రిటన్ ప్రభుత్వ వాతావరణ శాఖ అయిన మెట్ ఆఫీస్ ఉద్యోగి. ఫిష్ కూడా అంతే. అంటే తెర మీద కనిపించేది ఒక ప్రభుత్వ అధికారి. మన దేశంలో తుపాను రోజుల్లో మైకుల ముందుకు వచ్చే భారత వాతావరణ శాఖ అధికారి స్థానమూ దాదాపు ఇదే.

అమెరికా దారి వేరు. అక్కడ టీవీ స్టేషన్లే సొంతంగా మనుషుల్ని పెట్టుకున్నాయి. మొదట్లో హాస్యానికీ హడావిడికీ పెద్దపీట వేశాయి. తర్వాత అమెరికన్ మెటియరాలజికల్ సొసైటీ అర్హత ఉన్నవారికి ఒక ముద్ర ఇవ్వడం మొదలుపెట్టింది. వాతావరణ శాస్త్రంలో డిగ్రీ ఉండి, తెర మీద చెప్పింది శాస్త్రపరంగా నిలిచేలా ఉంటేనే ఆ ముద్ర. అయినా డిగ్రీ లేనివాళ్లు కూడా ఆ రంగంలో పెద్దవాళ్లయ్యారు. 1982 మే 2న మొదలైన వెదర్ చానల్ వ్యవస్థాపకుడు జాన్ కోల్‌మన్ చదివింది జర్నలిజం. రోజంతా వాతావరణమే చూపిస్తే ఎవరు చూస్తారని నవ్వినవాళ్ల ముందు ఆ చానల్‌ను నిలబెట్టారు. ఏడాది తిరిగేసరికి అందులోంచి బయటకు రావాల్సి వచ్చింది. చివరి దశలో ఆయన భూతాపం అనేదే పెద్ద మోసమని ప్రచారం చేశారు. తెర మీద నమ్మకం సంపాదించిన మనిషికి, తన చదువుకు సంబంధం లేని విషయం మీద కూడా జనం చెవి ఒగ్గుతారు. ఈ ఉద్యోగంలోని ప్రమాదాల్లో అదొకటి.

ఫిష్ ఎక్కడి నుంచి వచ్చారు

మైకేల్ ఫిష్ 1944 ఏప్రిల్ 27న ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని ఈస్ట్‌బోర్న్‌లో పుట్టారు. 1962లో, పద్దెనిమిదేళ్లకు, మెట్ ఆఫీస్‌లో చేరారు. మొదటి పని గాట్‌విక్ విమానాశ్రయంలో. విమానాశ్రయంలో వాతావరణ పరిశీలన అంటే గంట గంటకూ గాలి, మబ్బు ఎత్తు, చూపు ఎంత దూరం ఆనుతోంది అన్నవి నమోదు చేయడం. తప్పు రాస్తే దాని ఫలితం పైలట్ నెత్తిన పడుతుంది. తర్వాత లండన్ వాతావరణ కేంద్రానికి మారారు. ఉద్యోగం చేస్తూనే సిటీ యూనివర్సిటీలో భౌతిక శాస్త్రం చదివారు. 1971లో బీబీసీ రేడియోలో, 1974లో టీవీలో కనిపించడం మొదలైంది.

అప్పటి స్టూడియోలో పటం ఇనుప రేకు మీద ఉండేది. మబ్బు, వాన చుక్కలు, సూర్యుడు అన్నీ అయస్కాంతం బిళ్లలు. వాటిని ఒక్కొక్కటీ తీసి అంటిస్తూ మాట్లాడాలి. అవి ఒక్కోసారి సరిగ్గా అంటుకునేవి కావు, జారిపడేవి. 1985లో కంప్యూటర్ బొమ్మలు వచ్చాయి. అప్పటి నుంచి నిపుణుడి వెనక ఉన్నది ఖాళీ తెర. పటం ఆయనకు కనిపించదు, చూసేవాళ్లకు మాత్రమే కనిపిస్తుంది. పక్కన ఉన్న మానిటర్‌లో తన బొమ్మను చూసుకుంటూ, ఎడమా కుడీ తారుమారు కాకుండా, ఏమీ లేని గోడ మీద ఊరి పేరు ఉన్నచోటికి వేలు చూపించాలి. వార్తలు చదివేవారికి ఎదురుగా అక్షరాలు కదులుతుంటాయి. వాతావరణం చెప్పేవారు సాధారణంగా రాత ప్రతి లేకుండానే మాట్లాడతారు. ముందు వార్త పొడవైతే ఈయన సమయం తగ్గుతుంది. రెండున్నర నిమిషాలు అనుకున్నది ఒకటిన్నరకు కుదించాలి. అప్పటికప్పుడు ఏది వదిలేయాలో తేల్చుకోవాలి.

తెర వెనక పని ఇంకా పెద్దది. ఉపగ్రహ చిత్రాలు, రాడార్, బెలూన్ల ద్వారా వచ్చిన పైగాలుల లెక్కలు, కంప్యూటర్ నమూనాలు ఇచ్చిన అంచనాలు అన్నీ చూసుకోవాలి. ప్రధాన అంచనా వేసే బృందం వేరే ఉంటుంది. వాళ్లతో మాట్లాడి, ఆ రోజు కథ ఏమిటో నిర్ణయించుకుని, బొమ్మలు తయారు చేసుకుని అప్పుడు తెర ముందుకు రావాలి. జనం చూసే రెండు నిమిషాల వెనక కొన్ని గంటలు ఉంటాయి. ఆ అంచనా ఈయన ఒక్కడిది కాదు. కానీ తప్పయితే ముఖం మాత్రం ఈయనదే.

1987 అక్టోబర్ 15, మధ్యాహ్నం

ఆ రోజు మధ్యాహ్నం వార్తల తర్వాత ఫిష్ తెర మీదకు వచ్చారు. హరికేన్ వస్తోందని విన్నానంటూ ఒక మహిళ బీబీసీకి ఫోన్ చేశారట, మీరు చూస్తుంటే కంగారు పడకండి, అలాంటిదేమీ లేదు అని నవ్వుతూ చెప్పారు. ఆ వెంటనే, గాలులు మాత్రం బాగా పెరుగుతాయి, అయితే బలమైన గాలులు ఎక్కువగా స్పెయిన్, ఫ్రాన్స్ వైపు ఉంటాయి అన్నారు.

ఆ అర్ధరాత్రి తర్వాత దక్షిణ ఇంగ్లండ్ మీద విరుచుకుపడ్డ పెనుగాలి అక్కడి వారు తరాలుగా చూడనిది. నార్ఫోక్ తీరంలోని గోర్ల్‌స్టన్‌లో గంటకు 196 కిలోమీటర్ల వేగంతో గాలి నమోదైంది. ఇంగ్లండ్‌లో 18 మంది, ఫ్రాన్స్‌లో నలుగురు చనిపోయారు. కోటిన్నర చెట్లు కూలిపోయాయని అంచనా. ఆకులు ఇంకా రాలని కాలం, అంతకుముందు వానలకు నేల నానిపోయి ఉంది. చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ఏడు ఓక్ చెట్ల పేరు మీదుగా సెవెనోక్స్ అని పిలిచే ఊళ్లో ఆరు చెట్లు పడిపోయాయి. లండన్‌లో కరెంటు పోయింది. గాలి పట్టపగలు వచ్చి ఉంటే మృతులు ఎంతమంది ఉండేవారో. జనం ఇళ్లలో నిద్రలో ఉండటం వల్ల ఆ సంఖ్య అక్కడ ఆగింది.

తెల్లారేసరికి పత్రికలకు ఒక ముఖం కావాల్సి వచ్చింది. మధ్యాహ్నం వీడియోలో అది సిద్ధంగా ఉంది.

ఇప్పుడు వివరాల్లోకి వెళితే కథ కొంచెం మారుతుంది. మాటవరసకు చూస్తే ఫిష్ చెప్పింది తప్పు కాదు. హరికేన్ అంటే ఉష్ణమండల సముద్రాల మీద, వెచ్చని నీటి నుంచి శక్తి తీసుకునే తుపాను. మనం బంగాళాఖాతంలో చూసేదీ అదే జాతి. ఇంగ్లండ్‌ను కొట్టింది మధ్య అక్షాంశాల్లో చల్లగాలి, వేడిగాలి కలిసేచోట బలపడే వాయుగుండం. గాలి వేగం కొన్నిచోట్ల హరికేన్ స్థాయికి చేరింది గానీ, పుట్టుక వేరు. తన మాట అంతకుముందు వార్తల్లో వచ్చిన ఫ్లోరిడా తుపాను గురించి అని ఫిష్ తర్వాతి ఏళ్లలో చెబుతూ వచ్చారు. ఆ రాత్రి ప్రధాన బులెటిన్ చెప్పింది కూడా ఆయన కాదు, ఆయన సహోద్యోగి బిల్ గైల్స్.

పైగా మెట్ ఆఫీస్ అసలు ఏమీ చెప్పలేదనడం కూడా నిజం కాదు. ఆ వారం మొదట్లోనే, నాలుగైదు రోజుల ముందే, గురు, శుక్రవారాల్లో తీవ్రమైన వాతావరణం ఉండొచ్చని అంచనా వేసేవారు చెప్పారు. రోజు దగ్గరపడేకొద్దీ కంప్యూటర్ నమూనాలు తలో మాట చెప్పాయి. గుండం ఇంగ్లిష్ చానల్ వెంబడి, ఫ్రాన్స్ వైపు పోతుందని, ఇంగ్లండ్‌కు గాలి కంటే వానే ఎక్కువ ఇబ్బంది అని చివరికి తేల్చారు. సముద్రంలోని ఓడలకు హెచ్చరికలు వెళ్లాయి. భూమి మీద ఉన్నవారికి సరైన హెచ్చరిక అందేసరికి చాలామంది పడుకున్నారు. తెల్లవారుజామున ఒంటిగంటన్నర దాటాక, సైన్యం సాయం అవసరం కావచ్చని రక్షణ శాఖకు కబురు వెళ్లింది.

తప్పడానికి పెద్ద కారణం గుండం బలపడిన చోట సముద్రం మీద పరిశీలనలు చాలా తక్కువగా ఉండటం. ఏం జరుగుతోందో తెలిపే కొలతలు లేకపోతే ఎంత పెద్ద కంప్యూటరైనా చీకట్లో తడుముకోవాల్సిందే. గుండం తోక చివర నుంచి నేల మీదకు సన్నటి ధారలా దూకే అతి వేగపు గాలి ఉంటుందని, దాన్ని ‘స్టింగ్ జెట్’ అనొచ్చని శాస్త్రవేత్త కీత్ బ్రౌనింగ్ ఇదే గాలివానను అధ్యయనం చేసి తర్వాత వివరించారు. 1987లో ఆ పేరు కూడా లేదు.

మరి ఫిష్ తప్పు ఏమీ లేదా? ఉంది. అది అంచనాలో కన్నా మాటలో ఉంది. ‘ఎక్కడికి వెళుతుందో ఇంకా పూర్తిగా తేలలేదు, రాత్రి బులెటిన్ చూడండి’ అని చెప్పగలిగిన రోజున, ‘కంగారు పడకండి’ అన్నారు. శాస్త్రం సందేహంలో ఉన్నప్పుడు మనిషి భరోసా ఇచ్చాడు. ఫోన్ చేసినావిడను ఊరడించాలన్న మంచితనమే అది. పరిభాషలో సరైన మాటే. కానీ వినేవాళ్లకు పరిభాషతో పనిలేదు. ఇంటి కప్పు ఎగిరిపోయినవాడికి అది హరికేనా, వాయుగుండమా అన్న తేడా ఎందుకు?

ఆ రాత్రి తర్వాత విచారణ జరిగింది. సముద్రం మీద పరిశీలనలు పెంచారు, నమూనాలను మెరుగుపరిచారు, జనానికీ అధికారులకూ నేరుగా తీవ్ర వాతావరణ హెచ్చరికలు పంపే జాతీయ వ్యవస్థను ఏర్పాటు చేశారు. ఫిష్ ఉద్యోగం మాత్రం పోలేదు. బ్రిటన్ జనం ఆయన్ను వెక్కిరించారు, వెక్కిరిస్తూనే ఇష్టపడ్డారు. ఆయన స్వెటర్ల మీద జోకులు వేశారు. మరో పదిహేడేళ్లు తెర మీదే ఉన్నారు. 2004 అక్టోబర్ 6న చివరి బులెటిన్ చెప్పారు. అదే ఏడాది బ్రిటన్ ప్రభుత్వం ఎంబీఈ గౌరవం ఇచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో, ప్రపంచమంతా చూస్తుండగా, ఆ పాత వీడియో ముక్కను మళ్లీ వేశారు.

మన తీరంలో ఆ మాట ఖరీదు

ఇంగ్లండ్‌లో పద్దెనిమిది ప్రాణాలు పోతే ఒక దేశం నలభై ఏళ్లుగా ఒక వాక్యాన్ని గుర్తుపెట్టుకుంది. మన లెక్కలు వేరు. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు అధికారిక లెక్కల్లోనే దాదాపు పది వేల మంది పోయారు. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం మొదలైంది ఆ ఏడాదే. దాని ప్రసారాలు కృష్ణా డెల్టా పల్లెలను చేరే ప్రశ్నే లేదు. ఉన్నదల్లా రేడియో. అదీ అందరి ఇళ్లలో లేదు. ఉప్పెన అంటే ఎంత ఎత్తు నీరు, ఎంత లోపలికి వస్తుందన్నది విన్నవాళ్లకు కూడా ఊహకు అందలేదు.

1990 మే 9న, తీవ్రతలో దానికి ఏమాత్రం తీసిపోని తుపాను మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి మృతులు 967 మంది. ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. ఈ పదమూడేళ్లలో వచ్చిన మార్పులు చూడాలి. తీరంలో తుపాను రాడార్లు వచ్చాయి. 1983లో కక్ష్యలోకి వెళ్లిన ఇన్‌శాట్-1బి మేఘాల చిత్రాలు పంపింది. అదే ఉపగ్రహాల ద్వారా తీర గ్రామాల్లోని అధికారుల దగ్గర పెట్టిన యంత్రాలకు స్థానిక భాషలో నేరుగా హెచ్చరిక వినిపించే ఏర్పాటు జరిగింది. తుపాను షెల్టర్లు కట్టారు. అంచనా ఎంత మెరుగైందన్నది ఒక ఎత్తు, అది పల్లెదాకా నడిచి వెళ్లడం ఇంకో ఎత్తు. టీవీ నిపుణుడు ఆ నడకలో ఒక మెట్టు మాత్రమే. కానీ ఇప్పుడు చాలామందికి మొదటి మెట్టు అదే.

అలాగని ఎప్పుడూ భయపెట్టేస్తే సరిపోతుందా అంటే, అదీ కుదరదు. నాన్నా పులి కథ మనకు తెలిసిందే. ఒకసారి పశువుల్ని, సామాన్లను వదిలి, షెల్టర్‌లో రెండు రాత్రులు గడిపి, గాలి రాకపోతే తిరిగి వచ్చిన మత్స్యకారుడు మూడోసారి కదలడు. వలలు, పడవ, కోళ్లు, రోజు కూలి అన్నీ ఆ నిర్ణయంలో ఉంటాయి. వస్తుందని చెప్పి రాకపోతే డబ్బు, నమ్మకం పోతాయి. రాదని చెప్పి వస్తే ప్రాణాలు పోతాయి. ఈ రెండు తప్పుల మధ్య ఎక్కడ నిలబడాలన్నదే ఈ ఉద్యోగంలో అసలు కష్టం. పటం వైపు వేలు చూపించడం నేర్చుకోవడం దీనిముందు ఎంత?

2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వైపు వస్తున్నప్పుడు ఈ పరీక్ష భారత వాతావరణ శాఖకు ఎదురైంది. కొందరు విదేశీ నిపుణులు ఇది 1999 నాటి ఒడిశా సూపర్ సైక్లోన్ అంతటిది లేదా దాన్ని మించినదని, భారత శాఖ తీవ్రతను తక్కువ చేసి చెబుతోందని విమర్శించారు. శాఖ తన అంచనా మీదే నిలబడింది. గాలి గంటకు 210 నుంచి 220 కిలోమీటర్ల మధ్య ఉంటుందని చెప్పింది. అంతే ఉంది. ఒడిశా, ఆంధ్ర ప్రభుత్వాలు లక్షల మందిని తరలించాయి. 1999లో దాదాపు పది వేల మందిని మింగిన తీరంలో ఈసారి మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ఆ రోజుల్లో తుపాను విభాగాన్ని నడిపిన మృత్యుంజయ్ మహాపాత్ర ఒడిశాలోని భద్రక్ జిల్లా మనిషి. చిన్నప్పుడే తుపాను తాకిడి చూసి పెరిగిన తీరం వాడు. 2019లో ఆయన ఆ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. హుద్‌హుద్ నుంచి ఇటీవలి తుపానుల దాకా తెలుగు టీవీ ప్రేక్షకులకు కూడా పరిచయమైన ముఖం అది.

పక్కనే చెన్నైలో ఎస్.ఆర్. రమణన్ ఉండేవారు. ప్రాంతీయ తుపాను హెచ్చరిక కేంద్రం డైరెక్టర్‌గా ఏళ్ల తరబడి తమిళ చానళ్లలో ఒకే తీరుగా, గొంతు పెంచకుండా, అలంకారాలు లేకుండా చెప్పేవారు. వాన మాట ఆయన నోట వస్తే బడికి సెలవు ఉంటుందేమోనని పిల్లలు ఎదురుచూసేవారు. సామాజిక మాధ్యమాల్లో ఆయన మీద వచ్చినన్ని జోకులు సినిమా హీరోల మీద కూడా రాలేదేమో. 2016 మార్చి 31న రిటైరయ్యారు. ఒక ప్రభుత్వ వాతావరణ అధికారి రిటైర్మెంట్ జనానికి వార్త కావడం మన దేశంలో అరుదు. తెలుగులో అలాంటి ఒక్క ముఖం స్థిరపడలేదు. మన చానళ్లలో ఎక్కువగా యాంకర్ చదువుతారు, విశాఖ లేదా హైదరాబాద్ కేంద్రం అధికారి ఫోన్లో కొన్ని వాక్యాలు చెబుతారు, వెనక పాత తుపాను దృశ్యాలు తిరుగుతుంటాయి. ఇది మంచి పద్ధతి కాదు. చెప్పేది ఇవాళ్టి ముచ్చట, చూపించేది ఎప్పటిదో. అందుకేనేమో ఆ ఖాళీలోకి ఔత్సాహికులు వచ్చారు. సామాజిక మాధ్యమాల్లో ‘ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్’గా తెలిసిన సాయి ప్రణీత్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. 2021 జూలైలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఆయన గురించి ప్రస్తావించారు. తన ఊరి పేరు, తన మండలం పేరు తెలుగులో వినాలన్న కోరిక జనంలో ఎంత ఉందో దాన్ని బట్టి తెలుస్తుంది. అయితే తుపాను హెచ్చరిక అధికారికంగా ఇచ్చేది మాత్రం భారత వాతావరణ శాఖే.

ఆ మాటల లోపల ఏముంది

టీవీలో విని నవ్వుకునే మాట ఒకటుంది. ‘ఒకటి రెండు చోట్ల వర్షాలు పడే అవకాశం’. ఎక్కడో ఒకచోట పడకపోతుందా, ఇదేం అంచనా అంటారు. నిజానికి ఆ మాటకు లెక్క ఉంది. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో 25 శాతం వరకు వాన నమోదయ్యేలా ఉంటే ‘ఒకటి రెండు చోట్ల’ అంటారు. 26 నుంచి 50 శాతం అయితే ‘కొన్నిచోట్ల’, 51 నుంచి 75 అయితే ‘చాలాచోట్ల’, అంతకు మించితే ‘దాదాపు అన్నిచోట్ల’. నాలుగూ నాలుగు వేర్వేరు అంచనాలు. యాంకర్ వాటిని కలిపేసి ‘వర్షాలే వర్షాలు’ అన్నప్పుడు శాస్త్రవేత్త పడ్డ కష్టం అక్కడే పోయింది.

‘భారీ’ కూడా విశేషణం కాదు, కొలత. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. గాలి విషయంలోనూ అంతే. గంటకు 31 నుంచి 50 కిలోమీటర్లయితే వాయుగుండం, 51 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను. అప్పుడే దానికి పేరు పెడతారు. పేరు రాలేదంటే ప్రమాదం లేదని కాదు. పేరు పెట్టేంత గాలి లేని వాయుగుండం కూడా ఊళ్లు ముంచేంత వాన కురిపించగలదు.

రంగుల సంగతి ఇంకా తికమక. పసుపు అంటే గమనిస్తూ ఉండండి అని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి అని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోండి అని. అవి వాన ఎంత పడుతుందో చెప్పే కొలబద్ద కాదు, దానివల్ల జనజీవనం మీద పడే ప్రభావాన్ని బట్టి మనం ఏం చేయాలో చెప్పే గుర్తులు. అలాగే తుపాను దారి చూపించే పటంలో గరాటాలా వెడల్పయ్యే తెల్లటి భాగాన్ని చాలామంది తుపాను పరిమాణం అనుకుంటారు. అది తుపాను కేంద్రం ఎక్కడెక్కడ ఉండే అవకాశం ఉందో చూపించే హద్దు మాత్రమే. రోజులు ముందుకు పోయేకొద్దీ అనుమానం పెరుగుతుంది, గరాటా వెడల్పవుతుంది. గాలివాన ఆ గీతల బయట కూడా ఉంటుంది. ఫిష్ 1987లో చెప్పలేకపోయిన ‘ఇంకా తేలలేదు’ అన్న మాటను ఇప్పుడు ఆ గరాటా చెబుతోంది, చదవడం తెలిసినవాళ్లకు.

సందేహాన్ని దాచకుండా చెప్పడం ఒక పద్ధతి. భయాన్ని దాచకుండా చెప్పొచ్చా? 2024 అక్టోబర్ 7న అమెరికాలోని మయామీలో ఎన్‌బీసీ 6 చానల్‌లో జాన్ మొరాలెస్ మిల్టన్ హరికేన్ గురించి చెబుతూ, దాని కేంద్రంలో పీడనం పది గంటల్లో 50 మిల్లీబార్లు పడిపోయిందన్న చోట గొంతు పూడుకుపోయి ఆగిపోయారు. క్షమించమని అడిగి మళ్లీ మొదలుపెట్టారు. దశాబ్దాలుగా అతిగా భయపెట్టరని పేరున్న మనిషి ఆయన. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. కొందరు నిపుణుడు ఇలా చేయకూడదన్నారు. సముద్రం ఎంత వేడెక్కితే అంత వేగంగా తుపాను బలపడుతుందో తెలిసినవాడికి ఆ అంకె మామూలు అంకెలా కనిపించలేదు, అంతే. ఫిష్ మాట జనాన్ని నిద్రపుచ్చితే, మొరాలెస్ మౌనం లేపి కూర్చోబెట్టింది.

జాముల్‌లో తెలుగు చానల్ చూసేవారికి ఒక చిన్న చిక్కు మిగులుతుంది. ఆ బులెటిన్ ఆంధ్ర, తెలంగాణ జిల్లాల కోసం తయారైనది. అందులో ఛత్తీస్‌గఢ్ పేరు వచ్చేది ఆవర్తనం ఎక్కడుందో చెప్పడానికే గానీ, దుర్గ్ జిల్లాలో ఎంత వాన పడుతుందో చెప్పడానికి కాదు. దాన్ని చెప్పేది భారత వాతావరణ శాఖ రాయ్‌పూర్ కేంద్రం, జిల్లాలవారీగా, హిందీలో. శ్రీకాకుళంలో ఉన్న అమ్మానాన్నల సంగతి చెప్పేది అమరావతి కేంద్రం. బంగాళాఖాతంలో గుండం ఏర్పడిన రోజున రెండూ చూసుకోవాలి. ముందు తీరం వైపుది, రెండు రోజుల తర్వాత తమ ఊరిది.